మైనస్ పద్దెనిమిది

షెడ్డులో అందరికీ స్వెట్టరు మీద ఏప్రాను,
రబ్బరు బూట్లలో రెండు జతల మేజోళ్లు.
ఐసునీళ్లలో రొయ్య తలలు విరిచి విరిచి
వేళ్లు నానిన శనగల్లా ఉబ్బుతాయి.
పక్కగది తలుపు మీద ఎర్రంకెలు:
మైనస్ పద్దెనిమిది.

అక్కడ, అంత చలిలో,
పదీ ఇరవైకి నాకు నిప్పంటుకుంటుంది.

ముందు రొమ్ముల మధ్య ఎవరో అగ్గిపుల్ల గీస్తారు.
మెడ. చెవులు. మాడు.
టోపీ కింద పుట్టిన చెమట
కనుబొమ్మ దాటి మాస్కులోకి దిగి
పెదవి మీద ఉప్పవుతుంది.
గోడ అవతల అంత సముద్రం ఉండగా
నా వంతుగా నేనూ ఒక గుక్కెడు చేస్తున్నాను.

"ఏటి నూకరత్నం, జొరమా?"
సూపర్‌వైజరు కుర్రాడికి ఇరవై నాలుగేళ్లు.
జొరం చూసే గన్ను నుదుటికి గురిపెట్టాడు.
తొంభై ఎనిమిది.
"ఏం లేదు, పని చూసుకో" అన్నాడు.
గన్నుకే తెలీనిది వాడికెలా తెలుస్తుంది?

పోలమ్మ చూసింది.
బల్ల కింద నా ఎడమచేతిలో
గుప్పెడు ఐసు పెట్టింది.
చాలాసేపటికి, రొయ్య మీంచి తలెత్తకుండా,
"నాకు నాలుగేళ్లు పట్టింది. నీకెన్నో మరి" అంది.

మొన్న ఉప్పుడబ్బా ఫ్రిజ్‌లో దొరికింది.
పూర్ణా మార్కెట్ దగ్గర ఆటో ఎక్కితే
మా పేట పేరు నోటికి రాలేదు.
"ఆ కొండ కింద" అన్నాను.
"ఈ ఊళ్లో ఎవుళిల్లు కొండ కింద లేదమ్మా?" అని నవ్వాడు ఆటో అబ్బాయి.
నేను నవ్వలేకపోయాను.

అన్నం మెత్తబడిందన్నందుకు
మా ఇంటాయన మీదికి గరిటె విసిరాను.
గరిటె గోడకి తగిలింది.
ఏడ్చింది మాత్రం నేను.

కేజీహెచ్‌లో చీటీ రాయించుకుని మూడు గంటలు కూర్చున్నాను.
"ఇది జబ్బు కాదమ్మా" అంది డాక్టరమ్మ.
నా మొహం చూసి పెన్ను కింద పెట్టి,
"అలాగని బాధ బాధ కాకుండా పోదు" అంది.
ఆ రెండో మాట కోసమే
మూడు గంటలు కూర్చున్నానని అప్పుడు తెలిసింది.
మాత్రలు రాసింది. చోడంబలి తాగమంది. నడవమంది.
టీ తగ్గించమంది.
అదొక్కటీ నా వల్ల కాలేదు.

రాత్రి మూడింటికి పక్క తడిసిపోతుంది.
జాకెట్టు మార్చుకుని డాబా ఎక్కుతాను.
యారాడ కొండ మీద దీపం
ఒకసారి నా వైపు చూసి, మళ్లీ తిరిగిపోతుంది.
రేవులోకి పిలుపు రాని ఓడలు
దూరంగా లైట్లేసుకుని నిలబడి ఉంటాయి.
వాటికీ నిద్ర లేదు.
వాటినెవరూ ఏమైందని అడగరు.

మా ఇంటాయన బోటు మీద ఇంజను డ్రైవరు.
పదమూడు రోజుల వేట నుంచి వచ్చి
గోడ మీది గరిటె మచ్చ చూసి, చాలాసేపు గడ్డం గోక్కుని,
"ఇంజను ఏడెక్కితే దాన్ని తిడతామేటి?
ఆపి, నీల్లు పోసి, ఊరుకుంటాం" అన్నాడు.
నన్ను ఇంజనన్నందుకు మళ్లీ గరిటె తీద్దును గానీ
సాయంత్రానికి టేబుల్ ఫ్యాను కొనుక్కొచ్చాడు.
అది నా వైపే తిప్పి ఉంటుంది.
ఆయన దుప్పటి ముసుగెట్టి ముడుచుకుని పడుకుంటాడు.

పన్నెండు నెలలు వరసగా రాకపోతే
ఆగిపోయినట్టే లెక్కంది డాక్టరమ్మ.
క్యాలెండరు మీద సున్నాలు చుట్టుకుంటూ వచ్చాను.
మిగిలిన ప్యాడ్లు మేనకోడలికి ఇచ్చేశాను.
పదకొండో నెల, ఇరవయ్యో తారీకు,
షెడ్డు బాత్రూములో
ఎర్రగా, నాణెమంత.
మళ్లీ ఒకటి నుంచి.

పోలమ్మకి చెప్తే మాస్కు లోపల నవ్వింది.
ఆ నవ్వు నాకంటుకుంది.
ఐసు మీద చేతులానించి
ఇద్దరం వంగిపోయి నవ్వుతుంటే
కుర్రాడు పరుగున వచ్చాడు గన్ను పట్టుకుని.

ఈసారి నేనే టోపీ పైకి జరిపి
నుదురు ముందుకి పెట్టాను.
"చూడు బాబూ,
ఎంతుందో."